మేయరు ముక్కు మీద పుండు

మా పిల్లి పేరు మేయరు. ఏ ఇంటి ముందైనా ఆగి, లోపల ఏం వండుతున్నారో కనుక్కుని గానీ కదలడు కాబట్టి ఆ పేరు పెట్టాను. నోవా ఇగువాసు ఊళ్ళో మా వీధివాళ్ళందరికీ వాడంటే ముద్దే. ముక్కు మీద పుండు లేచేదాకా.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. వాడు నా మిషను కిందే పడుకుంటాడు. పుండు మానకపోగా చెవికి కూడా పాకేసరికి బుట్టలో పెట్టుకుని బస్సెక్కి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చూస్తూనే ఫంగస్ అంది. మట్టిలో, పాత చెక్కల్లో పెరిగే బూజు పిల్లి గోళ్ళలో చేరి ఇలా ప్రాణం మీదికి తెస్తుందట.

"మందుంది, దోనా జెనైజీ," అంది నన్ను మర్యాదగా పిలుస్తూ. " క్యాప్సూల్ విప్పి పొడి తిండిలో కలపండి. నెలలు పడుతుంది మరి. అప్పటిదాకా బయటికి వదలొద్దు. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. వీడు గీరితే మనుషులకీ వస్తుంది, చేతి మీద వరసగా పుళ్ళు లేచి పైకి పాకుతాయి."

"కట్టడి చెయ్యలేకపోతే?"

"ఊరంతా అంటిస్తాడు. అప్పుడిక సూది వేసి పంపించెయ్యడమే."

నా ఇంట్లో గోడలకీ పైరేకులకీ మధ్య జానెడు సందు. ఏ గదిలో పెట్టినా అరగంటలో వీధిలో ఉంటాడు. బుట్టలో పెట్టి మూత కడితే వాడి ఏడుపు వినలేక నాకే అన్నం సయించలేదు.

పక్కింటి సెయు వల్దోమీరు, అదే వల్దోమీరుగారి పెరట్లో మాత్రం మనిషెత్తు పంజరం ఖాళీగా ఉంది. బస్సు డ్రైవరుగా రిటైరైన ఈ ఒంటి మనిషికి పాడే పిట్టలంటే ప్రాణం. ఆఖరి కురియో పిట్ట పోయాక ఆ పంజరంలోకి చీమను కూడా రానివ్వలేదు. చుట్టూ ఇనుప వల, పైన రేకు, తలుపుకి గడియ. మేయరుకి కావలసింది సరిగ్గా అదే. వెళ్ళి అడిగాను.

"నా పిట్ట ఇంట్లో పిల్లినా? మతుండే మాట్లాడుతున్నారా, పొరుగమ్మా? వాడు నా గోడ దిగాడో, గోనెసంచిలో కట్టి ఏట్లో పారేస్తా!" అని వీధంతా వినేలా అరిచి, నా మొహం మీదే తలుపేశాడు.

ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం నా చేతి కాఫీ తాగిన మనిషి!

ఇక దారి లేదనిపించింది. మర్నాడు కళ్ళు తుడుచుకుంటూ, బుట్ట పట్టుకుని బస్టాపుకి బయల్దేరాను. గేటు దగ్గర వల్దోమీరు అడ్డం వచ్చాడు. మా దేశంలో జనవరి అంటే నడివేసవి; ఆ ఎండకి వీధిలో మగాళ్ళంతా చొక్కాల్లేకుండా తిరుగుతుంటే, ఈయన పొడుగు చేతుల చొక్కా మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని చెమటలు కారుతూ నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"మీ కోరిక తీర్చడానికి. సూది వేసేస్తారు."

ఆయన బుట్ట గట్టిగా పట్టుకున్నాడు. అంతవరకూ ఏడుస్తున్న మేయరు నోరు మూసి, అల్లిక సందుల్లోంచి ఆయన వేళ్ళకి తల రుద్ది, గుర్రుగుర్రుమన్నాడు. చొక్కా చెయ్యి పైకి జరిగింది. వేళ్ళ దగ్గర్నించి మోచేతి దాకా పూసలు గుచ్చినట్టు పుళ్ళు.

"ఇదేంటి, సెయు వల్దోమీరు?"

"గులాబీ ముల్లు గుచ్చుకుంది."

"మీ పెరడంతా సిమెంటు. గులాబీ ఎక్కడ పూసిందో?"

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "నా పిట్ట పోయాక ఇంట్లో చప్పుడే లేదమ్మా. వీడు రోజూ మధ్యాహ్నం గోడ దిగొచ్చి ఒళ్ళో కూర్చునేవాడు. సార్డీన్ చేపలు పెట్టేవాణ్ణి. ముక్కుకి పిట్టల మందు రాయబోతే గీరాడు."

"మరి ఏట్లో పారేస్తానన్నారే!"

"పిట్టల వల్దోమీరు పిల్లిని ఒళ్ళో పెట్టుకున్నాడంటే నవ్వరా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "ఆ నవ్వుకి భయపడి వీణ్ణి చంపుకుందామా?" అన్నాను.

ఆయన పెరట్లోకి నడిచాడు. పంజరంలో పిట్ట వాలే కర్ర అలాగే ఉంది. దాన్ని విప్పి, చొక్కాతో తుడిచి, ఇంట్లో పెట్టి వచ్చి, తలుపు బార్లా తెరిచాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని హెల్త్ సెంటరుకి లాక్కెళ్ళాను. చిత్రం, పిల్లికిచ్చిన క్యాప్సూలే మనిషికీ ఇచ్చారు. అప్పట్నించి పొద్దున్నే ఇద్దరికీ నేనే పెట్టేదాన్ని. మేయరు చేపల్లో కలిపితే నోరెత్తకుండా తినేవాడు. వల్దోమీరుతోనే తంటా.

చలికాలం పోయాక హెల్త్ సెంటరులో ఆయనకీ, డాక్టరమ్మ దగ్గర మేయరుకీ ఇక భయం లేదన్నారు. పంజరం తలుపు తీశాం. మేయరు మమ్మల్ని చూడనైనా చూడకుండా గోడెక్కి, కూర వాసన వెతుక్కుంటూ పోయాడు. వల్దోమీరు మొహం చిన్నబోయింది. ఆయన్నలా చూడలేక నేను ఇంట్లోకొచ్చి మిషను ముందు కూర్చున్నాను.

మధ్యాహ్నం వీధిలో నవ్వులు వినపడి బయటికొచ్చాను. వల్దోమీరు తన గుమ్మం ముందు, అందరూ చూసేలా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొట్టి చేతుల చొక్కా. చేతి మీద మచ్చల వరస. ఒళ్ళో మేయరు.

"ఏమయ్యా, పిట్టలు మానేసి పిల్లుల్లో పడ్డావా?" అని ఎదురింటాయన కేకేశాడు.

వల్దోమీరు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"ష్! మేయరుగారు పడుకున్నారు."