బాలింత దాహం

మా గేదె ఈనినప్పుడు మా అమ్మ దుర్గాంబ తొట్టినిండా గోరువెచ్చని కుడితి పెట్టి, అది అడుగు నాకేదాకా పక్కనే నిలబడి వీపు నిమిరింది. అదే నెలలో నేనూ కన్నాను. నాకు మాత్రం పూటకు ఒక ఉగ్గుగిన్నెడు వాము నీళ్ళు. పసివాళ్ళకు ఆముదం పట్టే గిన్నె అది. గేదెగా పుట్టినా బాగుండేదని గట్టిగానే అనుకున్నాను.

అది అరవై ఎనిమిది వేసవి. కాన్పు తెనాలి ఆసుపత్రిలో అయింది గాని, కొల్లిపర తీసుకురాగానే అమ్మ నన్ను పడమటి గదిలో పెట్టి కిటికీ రెక్కలు బిగించింది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద కుంపటి. తినడానికి పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. ఆ కారం తిని నీళ్ళు తాగకుండా కూర్చోవడమంటే ఏమిటో మగవాళ్ళకు ఒక్క పూట చూపించాలి. నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. పెరటి బావిలో ఎవరైనా చేద వేసిన చప్పుడు వింటే ఏడుపొచ్చేది.

"అమ్మా, ఒక్క గుక్క."

"పచ్చి బాలింతవి వసుంధరా. నీళ్ళు తాగితే సన్నిపాత జ్వరం కమ్ముద్ది. ఓర్చుకో తల్లీ."

కసిరి చెబితే నేనూ పోట్లాడేదాన్ని. నా తల నిమురుతూ, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ చెప్పేది. మా అక్క శేషారత్నం ఆ గదిలోనే, ఆ మంచం మీదే పోయింది మరి. పురిటి మర్నాడు అక్క దాహమంటే, అమ్మ మనసు కరిగి ఒక గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చిందట. సాయంత్రానికి జ్వరం అందుకుంది. ఊరంతా ఆ గ్లాసునే తప్పుపట్టింది. ఆపైన అక్క ఎంత అడిగినా అమ్మ చుక్క పోయలేదు. అడుగుతూ అడుగుతూనే పోయింది. చేజేతులా కూతుర్ని చంపుకున్నానని అమ్మ నమ్మకం. అలాంటి మనిషితో నీళ్ళ కోసం ఏమని దెబ్బలాడను?

నా సంగతి సరే, పిల్లవాడి సంగతేమిటి? వాడు రొమ్ము పట్టుకుని గుంజి గుంజి, ఏమీ రాక, మొహం తిప్పుకుని కేకలు పెట్టేవాడు. కొట్టంలో గేదె బిందెలకొద్దీ ఇస్తోంది గాని, ఆ పాలు పట్టిన రోజే వాంతి చేసుకున్నాడు. పోను పోను వాడి కేక కూడా సన్నబడింది. తొడల మీద చర్మం వదులై ముడతలు పడింది. అమ్మ పంచదార నీళ్ళలో గుడ్డ ముంచి వాడి నోట్లో పెడుతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ గుడ్డ వంక నేను ఆశగా చూశాను.

వాడు దక్కడేమోనని భయం పట్టుకుంది. గడప దాటి బావి దగ్గరికి వెళ్దామంటే గడపలోనే అమ్మ కూర్చుని ఉండేది.

చివరికి స్నానం పూట దారి దొరికింది. అమ్మ గంగాళంలో వావిలాకు కాచిన నీళ్ళు పోసి, ఇంకో బిందెడు తేవడానికి పెరట్లో పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నేను దోసిలి ముంచి తాగాను. చేదు, వేడి, ఆకు వాసన. నోరు కాలింది. అయినా అమ్మ అడుగుల చప్పుడు వినబడేదాకా తాగుతూనే ఉన్నాను. జ్వరం వస్తుందేమోనని తెల్లారేదాకా నుదురు తడుముకున్నాను. రాలేదు. మర్నాడూ తాగాను. ఆ తరువాత రోజూ తాగాను, నా పుట్టింట్లో నేనే దొంగలాగా.

పాలు పడ్డాయి. జాకెట్టు తడిసేటన్ని పడ్డాయి. వాడు గుటకలు వేస్తున్న చప్పుడు విని నవ్వుతూ ఏడ్చాను.

అమ్మ సంబరానికి పట్టపగ్గాల్లేవు. మా వదిన లక్ష్మిని గదిలోకి పిలిచింది. వదినకు అప్పుడు ఏడో నెల. తల్లి లేని పిల్ల కాబట్టి పురుడు మా ఇంట్లోనే.

"చూశావా లక్ష్మీ! చుక్క నీళ్ళు ముట్టనివ్వలా. పాలు చూడు ఎట్టా పడ్డాయో. నిన్నూ ఇట్టాగే కాచుకుంటానమ్మా."

వదిన నమ్మకంగా తలూపింది. నాకు ఒళ్ళు మండింది. నోరు విప్పితే అమ్మ ఏమైపోతుందో అని భయం. విప్పకపోతే ఈ మంచం మీద ఈసారి వదిన.

"నేను నీళ్ళు తాగుతున్నానమ్మా," అన్నాను. "రోజూ. నువ్వు పొయ్యి దగ్గరికి పోయినప్పుడు, గంగాళంలోవి. అందుకే పాలు పడ్డాయి. నాకు జ్వరం వచ్చిందా? ఏదీ, ఒళ్ళు పట్టుకుని చూడు."

అమ్మ నిజంగానే వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసింది. మెడ మీద వేసింది. చాలాసేపు తియ్యలేదు.

"అయితే ఆ గ్లాసు వల్ల కాదంటావా?"

"కాదమ్మా. అక్క జ్వరం వేరు. నువ్వు చంపలేదు."

అమ్మ మొహం తేటపడింది. ఇన్నేళ్ళ బరువు దిగిపోయిందనే అనుకున్నాను. వదిన కూడా అమ్మయ్య అన్నట్టు నా వంక చూసింది. అంతలో అమ్మ మంచం పట్టె పట్టుకుని నేల మీద కూలబడింది.

"మరి తర్వాత కూడా అడిగిందే," అంది. "పోయేదాకా అడిగిందే. దాహంతోనే పంపించాను గదే దాన్ని."