కింద పెట్టిన క్యారియరు

హోసూరులో నేను పనిచేసే ఆసుపత్రి మూడో అంతస్తులో రక్తం జబ్బు పిల్లల వార్డు ఉంది. దాని తలుపు కాడ కూర్చునేది నేను. పేరు గుర్రప్ప. వచ్చినోళ్ళ చేత చెప్పులు విప్పించేది, చేతులు కడిగించేది, మాస్కు కట్టించేది నా పని. ఒక బిడ్డకు ఒక మనిషే లోపల అని చెప్పి, మిగతా చుట్టాలతో తిట్లు తినేది కూడా నా పనే. అంతకుముందు బర్గూరులో గ్రానైటు రాళ్ళకు పాలిష్ పట్టేవాణ్ణి. రొమ్ములోకి దుమ్ము పోయి దగ్గు పట్టుకున్నాక, ఆ ఓనరు నా మొగం కూడా చూడకుండా మేస్త్రీతో చెప్పి పంపించేసినాడు. అప్పటినుంచి మనుషుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కలిగినోళ్ళ మీద అసలు లేదు.

అయినా తల్లులు నా దగ్గరికే వస్తారు. డాక్టరమ్మ తమిళంలో ఇంగ్లీషు కలిపి చెప్పేది సగం అర్థమయ్యి సగం కాక, బయటికి వచ్చి, "అన్నా, ఆయమ్మ ఏం చెప్పింది?" అని నన్ను అడుగుతారు. నేను చదివింది అంతంత మాత్రం. తెలిస్తే చెప్తాను, తెలియకపోతే సిస్టరు తమిళ్‌సెల్వి కాడికి తీసుకుపోయి మళ్ళా అడిగిస్తాను. బట్టలు యాడ ఉతుక్కోవాల, వేడినీళ్ళు యాడ దొరుకుతాయి, ఏడుపు వస్తే యాడ కూర్చోవాల, ఇవన్నీ చూపించేది కూడా నేనే. ఏడవడానికి మెట్ల మలుపు మంచిది. లిఫ్టు పెట్టినాక ఆ పక్కకు ఎవరూ రారు.

వినుత అనే పాపను కెలమంగలం పక్క పల్లె నుంచి తెచ్చినారు. ఒకటో తరగతి చదివే పిల్ల. తల్లి పవిత్ర రేయింబగళ్ళు పాప మంచం కాడనే ఉండేది. మందులకు పాప జుట్టంతా రాలిపోయింది. అయినా నోరు మాత్రం పడిపోలేదు. నన్ను 'తలుపు తాతా' అని పిలిచేది.

"నాకు అంత వయసు లేదమ్మా" అన్నాను ఒక దినం.

"మరి జుట్టు తెల్లగా ఉండాదే?"

"నీకు అదీ లేదు కదా."

నోరు జారినాను అనుకునే లోపలే ఆ పిల్ల పకపకా నవ్వింది. వాళ్ళమ్మ కూడా నవ్వింది.

ఆ నవ్వు రెండో విడత మందు ఎక్కించినాక పోయింది. నోరంతా పుండ్లు పడి తిండి మానేసింది. పుండ్లు మానినాయి గానీ తిండి మళ్ళా మొదలుపెట్టలేదు. పవిత్ర స్పూను పట్టుకొని కూర్చుంటే మొగం గోడకు తిప్పుకునేది. బతిమాలితే ఒకటే మాట.

"నాయన వస్తే తింటా."

వాళ్ళ నాయన రాకుండా ఏమీ లేడు. దినమూ వస్తాడు. శశికుమార్ అని, ముప్పై దాటినోడు, భూమీ పుట్రా ఉన్న కాపు కుటుంబం. హోసూరులో వాళ్ళ అక్క ఇంట్లో ఉంటూ, ఆమె వండింది వేడివేడిగా క్యారియరులో పెట్టుకొని బండి మీద తెస్తాడు. వార్డులోకి మాత్రం రాడు. మెట్ల కాడ నిలబడి నన్ను పిలుస్తాడు. నేను పోయే లోపల క్యారియరు నేల మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడతాడు. నేను వంగి తీసుకోవాల.

"పాప ఎట్ల ఉండాది గుర్రప్పా?" అని దూరం నుంచే అడుగుతాడు. చెప్పింది వింటాడు. దిగి పోతాడు.

మొదటి దినం నేను చెయ్యి చాపినాను. చాపిన చెయ్యిని చూసి కూడా క్యారియరు కిందనే పెట్టినాడు.

అది నాకు అర్థం కానిది కాదు. ఇట్లాంటి కలిగినోళ్ళ వాకిట్లో మా నాయన దోసిలి పట్టి నిలబడినాడు. కింద పెట్టిన గిన్నెను వంగి తీసుకునేది నాకు చిన్నప్పుడే తెలుసు. యూనిఫారం వేసుకున్నా, మూడో అంతస్తు ఎక్కి కూర్చున్నా, కింద పెట్టేవాడు కిందనే పెడతాడు అనుకున్నాను. ఊర్లో అయితే ఇట్లాంటోళ్ళను 'అయ్యా' అనాల. ఈడ నేను, నా సాటి మనిషిని పిలిచినట్టు 'అప్పా' అంటాను. నేను తీర్చుకునే పగ అంతవరకే.

ఒక దినం పొద్దున డాక్టరమ్మ పాపను చూసి, "రేపు నేను వచ్చే లోపల నోటితో ఏదైనా తినాల. లేకపోతే ముక్కులో గొట్టం వేసి పాలు పొయ్యాల్సిందే" అని చెప్పింది. గొట్టం అనే మాట పాప వినింది. దుప్పటి ముసుగు పెట్టేసుకుంది.

పవిత్ర మెట్ల మలుపు కాడికి వచ్చి కూర్చునింది. నేను వేడినీళ్ళు తెచ్చి ఇచ్చినాను.

"ఒక్కసారి లోపలికి రా, బిడ్డ నిన్నే అడుగుతా ఉండాది అని ఫోనులో ఎంత చెప్పినా వినడన్నా. 'నన్ను అడగొద్దు' అని పెట్టేస్తాడు. ఇదేం గుండె? ఆడబిడ్డ, పోతే పోనీ అనుకున్నాడా?"

"మొగోళ్ళు అంతే అమ్మా."

"నువ్వూ మొగోడివే కదన్నా."

"అందుకే చెప్తా ఉండేది."

ఆమె నవ్వలేదు. గ్లాసు అట్లనే పట్టుకొని, "నేనొక్కదాన్నే పెంచుకుంటాలే" అనింది.

మధ్యాహ్నం క్యారియరు వచ్చింది, నేల మీదికే. పాప ఒక మెతుకు ముట్టలేదు. నిండు క్యారియరు అట్లనే తీసుకొని, తలుపు కాడ తమిళ్‌సెల్విని కొంచెం చూసుకోమని చెప్పి, కిందికి దిగినాను. నాలుగు మాటలు అడిగేసి రావాలనే పోయినాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

శశికుమార్ ఇంకా పోలేదు. బండ్లు నిలిపే చోట, గోడ పక్క కొళాయి కాడ వంగి చేతులు కడుగుతా ఉన్నాడు. బట్టల సబ్బుతో రుద్దుతాడు, కడుగుతాడు, మళ్ళా రుద్దుతాడు. నేను వెనకనే నిలబడినాను. కడిగేది అయ్యేటట్టు లేదు.

"ఏమప్పా" అన్నాను. "నా చేతికి ఇస్తే నీ క్యారియరుకు మైల అంటుతుందా? సరే, నేను పుట్టిన కులం అది, నాకు అలవాటే. పైన ఉండే బిడ్డ నీ కులమే కదా. దాన్నెందుకు ముట్టుకోవు?"

అతను తిరిగి, నేనేదో తెలియని భాషలో మాట్లాడినట్టు చూసినాడు. కొంచెంసేపటికి అర్థమై, మొగం నల్లబడింది.

"అయ్యో, నీ చెయ్యి కాదు గుర్రప్పా. నా చెయ్యి."

రెండు చేతులూ చాపి చూపించినాడు, అదీ దూరం నుంచే. వేళ్ళ సందుల్లో తోలు తెల్లగా ఊడి, పగుళ్ళలో ఎర్రగా కనిపిస్తా ఉంది. అవి సేద్యం చేసేవాడి చేతులు మాదిరి లేవు, సున్నం బట్టీలో పనిచేసేవాడి చేతులు మాదిరి ఉన్నాయి.

"టమోటా తోటకు పురుగుమందు కొట్టేది నేనే. మాకు పట్టుపురుగుల షెడ్డు కూడా ఉండాది. దాన్ని మా అమ్మ, పవిత్ర చూసుకుంటారు. నన్ను ఆ గడప తొక్కనియ్యరు. మల్బరీ ఆకు కూడా ముట్టుకోను. మందు కొట్టిన మనిషి లోపలికి పోతే చాలప్పా, ఆ గాలికే పురుగులు తలకాయలు ఆడించి ఆడించి, పచ్చగా కక్కి చస్తాయి. ఒకసారి నేను తెలియక పోయి, ఒక పంట అట్లనే పోయింది. నా కళ్ళ ముందరే."

"అది పురుగు. ఇది బిడ్డ."

"బిడ్డకు ఇప్పుడు ఒంట్లో కాపాడుకునే శక్తే లేదని మీ సిస్టరే చెప్పింది కదా. పైకి వచ్చి చూస్తే అచ్చం మా షెడ్డు మాదిరే ఉండాది. చెప్పులు విప్పు, చేతులు కడుగు, ఒక్కరే రండి." గొంతు తగ్గించినాడు. "ఈడ చేర్చిన దినం డాక్టరమ్మ నన్ను అడిగింది గుర్రప్పా. ఇంటి దగ్గర పురుగుమందు కొడతారా, బిడ్డ ఆ పక్కన ఆడుకుంటుందా అని. అవును అన్నాను. రాసుకుంది. ఇంకేమీ అనలేదు. ఊరికే ఎందుకు అడుగుతారు? నా వల్లనే కదా బిడ్డకు ఇట్లయింది."

"ఈ మాట పవిత్రకు చెప్పినావా?"

"ఏమని చెప్పేది? నీ బిడ్డను ఇట్ల చేసింది నేనే అని చెప్పేదా?"

క్యారియరు బండి సీటు మీద పెట్టి, "చెయ్యి ఇట్ల ఇయ్యి" అన్నాను. వెనక్కి లాక్కున్నాడు. పట్టుకొని ముక్కు కాడ పెట్టుకున్నాను. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు.

"మందు వాసన రాలేదా?"

"రాలేదు. నా ముక్కు రాయిదుమ్ముతో సగం చచ్చింది, నా మాట నమ్మొద్దు. పైకి పదా, చదువుకున్న ముక్కులు ఉండాయి."

క్యారియరు మళ్ళా చేత పట్టుకొని పైకి పోతే, డాక్టరమ్మ వరండాలోనే దొరికింది. నేను తెలుగులో అతన్ని అడిగి తమిళంలో ఆమెకు చెప్పి, ఆమె చెప్పింది మళ్ళా అతనికి చెప్పినాను. అంతా విని, ఆమె కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది.

"ఆ ప్రశ్న మేము అందరినీ అడుగుతాం. బెంగళూరులో కంప్యూటరు ముందర కూర్చునేవాళ్ళను కూడా అడుగుతాం. మీ బిడ్డకు ఈ జబ్బు దేనివల్ల వచ్చిందో నాకు తెలియదు. మీ వల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేరు, మీరు కూడా చెప్పకూడదు. స్నానం చెయ్యండి, ఉతికిన బట్టలు వేసుకోండి, చేతులు కడుక్కొని లోపలికి రండి. బిడ్డకు మీతో పని ఉంది."

చివరి మాట నేను రెండుసార్లు చెప్పినాను. ఆమె చెప్పింది ఒకసారే.

పేషెంట్లతో వచ్చినోళ్ళు స్నానం చేసే గది చూపించినాను. స్నానం అయినాక తలుపు కొంచెం తెరిచి, "ఈ చొక్కా వేసుకోలేను గుర్రప్పా, ఇది తోటకు కూడా వేసుకుపోయేది" అన్నాడు. నా పెట్టెలో ఇస్త్రీ చేసిన యూనిఫారం చొక్కా ఇంకొకటి ఉంది. వేసుకుంటాడో లేదో చూద్దామని, నిజం చెప్పాలంటే కొంచెం వంకరబుద్ధితోనే అందించినాను. చెయ్యి చాపి నా చేతినుంచే తీసుకున్నాడు. ఎవరి చొక్కా అని కూడా చూడలేదు. గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకొని వచ్చినాడు. నేనే సరిచేసినాను.

వార్డు తలుపు కాడికి వచ్చి ఆగిపోయినాడు. కింద చూస్తా ఉన్నాడు.

"ఏమి వెతుకుతా ఉండావు?"

"కాళ్ళు ముంచేదానికి బ్లీచింగు నీళ్ళ తట్ట లేదా?"

పట్టుపురుగుల షెడ్డు గడప కాడ అది ఉంటుంది. ఆసుపత్రిలో అట్లాంటిది లేదు. నేను కొత్త గుడ్డ ఒకటి తీసి, నేల తుడిచే మందునీళ్ళలో ముంచి పిండి, గడప కాడ పరిచినాను. తమిళ్‌సెల్వి చూసింది.

"ఇది ఏమి గుర్రప్పన్నా, కొత్త రూలా?"

"ఈ ఒక్క మనిషికే."

శశికుమార్ రెండు అరికాళ్ళూ ఆ గుడ్డకు బాగా రుద్ది, గడప దాటినాడు.

ఒక బిడ్డకు ఒక మనిషే అనే రూలు ఉంది కాబట్టి పవిత్ర బయటికి వచ్చింది. కొళాయి కాడ విన్నదంతా ఆమెకు చెప్పినాను. వింటా వింటా గోడకు ఆనుకొని కూర్చునింది.

"ఆయన్ను షెడ్డు పక్కకే రావద్దని దినమూ అరిచేది నేనే అన్నా" అనింది. "బిడ్డ ముందరే అరిచేదాన్ని." కొంగుతో మొగం తుడుచుకొని లేచి, నాతో పాటు తలుపు అద్దంలోంచి చూసింది.

పాప దుప్పటి తీసి వాళ్ళ నాయనను పైనించి కింది దాకా చూసింది.

"నాయనా, నువ్వు కూడా తలుపు తాత అయిపోయినావా?"

అతను నవ్వబోయి నవ్వలేక, మాస్కు సర్దుకున్నాడు. క్యారియరులో పప్పన్నం స్పూనుతోనే మెత్తగా మెదిపి ఎత్తినాడు. పాప నోరు మూసుకుంది.

"చేత్తో పెట్టు."

అతను తన చెయ్యి చూసుకున్నాడు. తమిళ్‌సెల్విని చూసినాడు. ఆమె చేతులు కడిగే మందు తెచ్చి అతని అరచేతుల్లో పోసింది. "రుద్దండన్నా" అనింది. పగుళ్ళలో మండి ఉంటుంది, అయినా అతను ఆగలేదు. రుద్దినాడు, రుద్దుతానే ఉన్నాడు.

"చాలన్నా" అనింది తమిళ్‌సెల్వి. కొంచెం ఆగి మళ్ళా, "ఇంక చాలన్నా" అని అతని చేతులు పట్టుకొని ఆపింది.

చిన్న ముద్ద. పాప దాన్ని చానాసేపు నమిలింది. ఆ బిడ్డ నమిలినంతసేపూ అతను దాని తలకాయనే చూస్తా ఉన్నాడు. తలకాయలు ఆడించి చచ్చిన పురుగులను చూసిన ఆ చూపు ఎందుకో తలుపు బయట ఉన్న మా ఇద్దరికీ తెలుసు. పవిత్ర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పాప మింగింది.

"ఉప్పు తక్కువ నాయనా."

"అత్తకు చెప్తానమ్మా."

"రేపు నువ్వే పెట్టాల."

"నేనే పెడతా."

మొత్తం తినలేదు. కొంచెం తినింది, కొంచెం వద్దనింది, మళ్ళా కొంచెం తినింది. మరుసటి దినం డాక్టరమ్మ చూసి, గొట్టం ఇప్పటికి వద్దు, చూద్దాం అనింది. జబ్బు ఇంకా ఉంది. ఇంకొక విడత మందు ఎక్కించాల. ఏమవుతుందో చెప్పేదానికి నేను డాక్టరును కాదు. ఆ డాక్టరమ్మే చెప్పదు.

శశికుమార్ ఇప్పుడు క్యారియరు నా చేతికే ఇస్తాడు. నాకోసం పక్క గిన్నెలో వాళ్ళ అక్క చేసిన రాగిముద్ద కూడా ఉంటుంది. అందులో ఉప్పు ఎక్కువ. ఆ మాట నేను చెప్పలేదు.

నా చొక్కా మాత్రం తిరిగి రాలేదు. దాన్ని వేరేగా ఉతికి, వేరేగా ఆరేసి, వార్డుకు వచ్చేటప్పుడు మాత్రమే వేసుకుంటాడంట. షెడ్డులోకి పోయేదానికి పవిత్ర ఒక చీర అట్లనే పక్కన పెట్టుకునేదంట. ఉన్న ఒక్క చొక్కాను దినమూ ఉతుక్కునేది నాకు కష్టంగానే ఉంది. సూపర్‌వైజరు అడిగితే చాకలి కాడ పోయిందని చెప్పినాను.

ఆ చొక్కా తిరిగి అడగను. ఉండనీ.