రెండంగుళాల ఖాళీ

మధ్యాహ్నం పన్నెండున్నరకి మెకానిక్ కౌంటర్ కిందకి తల దూర్చి టార్చి వేశాడు. వేసిన మరుక్షణం ఆర్పేశాడు.

చూడకూడనిది చూశాడు.

కొత్త ఐస్ మెషిన్ అడుగునుంచి ఒక తెల్లటి పైపు దిగి, గోడ వెంట ఒద్దికగా వంగి, సింకు కింది మురుగు గొట్టంలోకి తిన్నగా దూరిపోయింది. అతుకు దగ్గర జిగురు చుక్కయినా బయటికి కారలేదు. ఫోటో తీసి పెట్టుకోదగ్గ పని. పక్కనున్న గిన్నెలు కడిగే మెషిన్ కూడా తన ఎంగిలి నీళ్లని పంపుతో ఆ గొట్టంలోకే కొడుతుంది. గొట్టం కాస్త పూడుకుందంటే ఆ నీళ్లు వెతుక్కునే దారి ఈ తెల్ల పైపే. పైపు చివర ఐసు ఉంటుంది.

ఆ పైపు వేసింది అతని తోడల్లుడు.

"ఏంటన్నయ్యా, కింద ఏమైనా పడిపోయిందా?" స్టూలు మీదనుంచి అడిగాడు ప్లంబర్, కొత్త నీళ్ల ఫిల్టర్ బిగించి, గోడ మీద పాతది ఊడదీసిన గుర్తులు తుడుస్తూ.

"స్క్రూ. దొరికిందిలే."

ఏ స్క్రూ పడలేదు. మెకానిక్ లేచి నుంచుని, చెమట తుడుచుకుని, తన పనిలో పడ్డాడు. పడ్డట్టు నటించాడు.

అది ఆస్పత్రి మూడో అంతస్తులో గొంతు వార్డు. వార్డుని ఆనుకుని ఉన్న చిన్న వంటగదికి ఇరవై రెండేళ్లుగా అధికారి వాళ్ల అత్తగారు. గొంతు ఆపరేషన్ అయిన వాళ్లు మొదటి రెండ్రోజులూ వెచ్చటిది మింగలేరు. బఠాణీ గింజంత ఐసు ముక్కలు నోట్లో వేసుకుని చప్పరిస్తే మంట చల్లారుతుంది. ఇన్నాళ్లూ ఐసు కింది అంతస్తునుంచి బకెట్టులో వచ్చేది. మెట్లెక్కేసరికి సగం నీళ్లు, మిగతా సగం ఒకే గడ్డ. ఆవిడ మూడేళ్లు పోరి ఈ మెషిన్ తెప్పించింది. బల్ల మీద కూర్చునే రకం, మూరెడెత్తు ఉంటుంది. గ్లాసు పెట్టి నొక్కితే గింజలు గింజలుగా ఐసు రాలుతుంది. నాలుగింటికల్లా ఐసు ఇస్తానని ఆవిడ వార్డు సిస్టర్‌కి మాటిచ్చింది. బిగించడానికి ఇద్దరల్లుళ్లనీ పిలిపించింది.

మరి మెకానిక్ నోరెందుకు తెరవలేదు?

నాలుగేళ్ల కిందట అత్తగారింట్లో గీజర్ పెట్టేటప్పుడు పైపు వంకర అని ఇతనన్నాడు, నీ వైరే వంకర అని అతనన్నాడు. మాట మాట పెరిగింది. మూడు నెలలు ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ కూరగాయల కొట్టు దగ్గర దొంగచాటుగా కలుసుకునేవాళ్లు. చివరికి అత్తగారు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తీర్పు చెప్పింది. నీళ్లు చిన్నవాడివి, కరెంటు పెద్దవాడిది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెడితే, ఆ వేలు పెట్టినవాడికి తన ఇంట్లో ఆదివారం భోజనం లేదు.

ఆ రోజునుంచి ఇల్లు చల్లగా ఉంది. ఇద్దరూ కలిసే పనులకి వెళ్తున్నారు, ఒకరి పనిని ఒకరు పొగుడుకుంటున్నారు. ఆదివారాలు పిల్లలంతా ఒకే చాప మీద దొర్లుతున్నారు. ఇప్పుడు ఒక్క మాటతో అదంతా పోతుంది. ఆ మాట అనకపోతే కోసిన గొంతుల్లోకి ఎంగిలి నీళ్ల ఐసు పోతుంది.

మెకానిక్ అడ్డదారి పట్టాడు.

"అత్తయ్యా, ఈ సింకు ఎప్పుడైనా పూడుకుంటుందా?"

అత్తగారు గ్లాసులు తుడుస్తూనే తల తిప్పింది. "నా సింకు ఎందుకు పూడుకుంటుంది? ఇరవై రెండేళ్లలో ఒక్క టీ పొడి నలుసు పడనిచ్చానా?"

"మీరు పడనివ్వరు. మీరు లేనప్పుడు ఎవరైనా..."

"నేను లేనప్పుడు ఈ గదికి తాళం ఉంటుంది."

ఆ దారి మూసుకుపోయింది. మెకానిక్ వరండాలోకెళ్లి భార్యకి ఫోన్ చేశాడు.

"మీ చెల్లెలికి ఓ ఫోన్ కొట్టి, వాళ్లాయనతో ఓ మాట చెప్పమనవే."

"మరిది ఎక్కడున్నాడు?"

"ఇక్కడే. తలుపవతల."

"ఎంత దూరం?"

"నాలుగడుగులు."

"నాలుగడుగుల దూరానికి మాట నా దగ్గరికొచ్చి, అక్కణ్ణుంచి దాని దగ్గరికెళ్లి, మళ్లీ అక్కడికే రావాలా? నేనేమన్నా పోస్టాఫీసు పెట్టానా? ఏమిటా మాట?"

అతను చెప్పాడు.

"అమ్మకి తెలిస్తే?" అంది.

"అదేగా నా బాధ."

"అది సరే గానీ, ఆ ఐసు తినేదెవరు?"

అతను తలుపు సందులోంచి వార్డులోకి చూశాడు. గోడ పక్క మంచం మీద ఒక బస్సు కండక్టరమ్మ కూర్చుని ఉంది. నిన్ననే ఆపరేషన్. పదేళ్లు బస్సంతా వినిపించేలా అరిచిన గొంతు, ఇప్పుడు వారం రోజులు మూగనోము. ఒళ్లో పలక, చేతిలో సుద్దముక్క. ఇతన్ని చూడగానే పలక ఎత్తి చూపించింది. ఐస్ ఎప్పుడు?

మెకానిక్ ఫోన్ పెట్టేశాడు.

లోపలికొచ్చి మిగిలిన పని చకచకా ముగించాడు. వ్యాన్‌లో మెషిన్‌ని పడుకోబెట్టి తెచ్చారని నిన్న రాత్రంతా దాన్ని నిలబెట్టే ఉంచాడు, లోపలి నూనె మళ్లీ కిందకి దిగాలి కాబట్టి. మట్టం చూసి కాళ్లు బిగించాడు. వేడిగాలి పోవడానికి రెండు పక్కలా జానెడు చోటు వదిలాడు. దానికంటూ వేరే వైరు, ఎర్త్, తేడా వస్తే టప్పున పడిపోయే బ్రేకర్. ఐసు పడే తొట్టిని మందునీళ్లతో కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు తొలిచాడు. అన్నీ అయ్యాక బ్రేకర్ పెట్టె మూసి, చిన్న తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

కరెంటు తనది. ఇవ్వడం మానడం తన ఇష్టం. అందులో ఎవరి పనిలోనూ వేలు పెట్టినట్టు కాదు.

టైము మూడయింది.

"ఇంకేం, నొక్కు పెద్దబ్బాయ్," అంది అత్తగారు.

"ఇవాళ వద్దత్తయ్యా."

"ఎందుకొద్దు?"

"నాకు మనసొప్పట్లేదు."

"మెషిన్‌కి మనసేంటన్నయ్యా? పెళ్లిచూపులా?" అన్నాడు ప్లంబర్ నవ్వుతూ.

అత్తగారు నవ్వలేదు. చేతిలో గుడ్డ మడిచి పక్కన పెట్టింది. ఇద్దరల్లుళ్లనీ నువ్వు అని పిలవడం ఆవిడకి అలవాటు. మర్యాద పెరిగిందంటే పిడుగు పడబోతోందని అర్థం.

"అల్లుడుగారూ," అంది. "మూడేళ్లు ఆఫీసు చుట్టూ తిరిగాను. మీరు మనసు కుదిరాక ఇస్తారా?"

అంతలో సిస్టర్ తలుపు తోసుకుని వచ్చింది. "అమ్మా, పలకలో రాయడానికి ఇక చోటు లేదంటోంది కండక్టరమ్మ. ఇంకో గంటలో వస్తుందా, రాదా?"

"అడుగు, మా అల్లుడుగార్ని అడుగు. తాళంచెవి ఆయన జేబులో ఉంది."

ముగ్గురూ అతనివైపే చూశారు. మెకానిక్ జేబులో తాళంచెవి పట్టుకున్నాడు. ఈ పూట కరెంటు ఇవ్వకపోతే రేపు ఇంకెవణ్ణో పిలిచి ఇప్పించుకుంటారు. పైపు మాత్రం అక్కడే ఉంటుంది. తాళం వేయడం తెలివనుకున్నాడు. పిరికితనమని ఇప్పుడు తెలిసింది.

"తమ్ముడూ, నీ పైపు తప్పు."

ప్లంబర్ స్టూలు మీదనుంచి మెల్లగా దిగాడు.

"ఏమన్నావ్?"

"మురుగు గొట్టంలోకి తిన్నగా దూర్చి అతికించావు. మధ్యలో ఖాళీ వదలాలి. రెండంగుళాలైనా."

"ఖాళీ వదిలితే చుక్కలు పడి టప్పుటప్పుమంటుంది. గోడకి అవతలే మంచం. పాత ఫిల్టర్ కారితేనే పేషెంట్లకి నిద్రలేదని అత్తయ్య నెల్లాళ్లు పోరింది. చప్పుడు రాకూడదని నాకు మరీ మరీ చెప్పింది. అడుగు!"

"చెప్పాను," అంది అత్తగారు. ఆవిడ చూపు మాత్రం పెద్దల్లుడి మీదే ఉంది. "పెద్దల్లుడుగారూ, నేను చెప్పిన తీర్పు గుర్తుందా?"

"ఉందత్తయ్యా. ఆదివారం రాను. ముందు ఆ గిన్నెల మెషిన్ వేసి, దాని నీళ్లు పోయేదాకా ఇక్కడ నిలబడండి. తర్వాత ఎంత తిట్టినా పడతాను."

ఆవిడ పంతంగా వెళ్లి మెషిన్ నిండా మధ్యాహ్నం కంచాలూ గ్లాసులూ సర్ది మీట నొక్కింది. మెకానిక్ సింకు కింద గొట్టం మర విప్పి, లోపల ఒక గుడ్డముక్క సగం అడ్డం పెట్టి మళ్లీ బిగించాడు, మామూలుగా ఏడాదికో రెండేళ్లకో పేరుకునే జిడ్డంత. ఐసు తొట్టి మూత తీసి టార్చి వేసి పట్టుకున్నాడు. నలుగురి తలలూ తొట్టి మీదకి వంగాయి. తొట్టి అడుగు అద్దంలా మెరుస్తోంది. మధ్యలో నీళ్లు పోయే చిన్న చిల్లు.

గిన్నెల మెషిన్ గుర్రుమంటోంది. ఐదు నిమిషాలు. పది. ప్లంబర్ చేతులు కట్టుకుని నుంచున్నాడు. "ఏదీ?" అన్నాడు.

మెషిన్ క్షణం ఆగింది. కింద పంపు అందుకుంది.

చిల్లులో బుడగ ఒకటి లేచి పగిలింది. ఇంకోటి. తర్వాత బుడబుడమంటూ గోధుమరంగు నురగ పొంగి, తళతళలాడే తొట్టి అడుగంతా పరుచుకుంది. టీ వాసన, సబ్బు వాసన. దాని మీద తేలుతూ ఒక అన్నం మెతుకు.

సిస్టర్ "అమ్మో" అని వెనక్కి జరిగింది.

ప్లంబర్ ఆ మెతుకుని చాలాసేపు చూశాడు. సంచి తెరిచి రంపం తీసి, కౌంటర్ కిందకి దూరి, ముందు గొట్టంలోని గుడ్డముక్క లాగేశాడు. తను అతికించిన అందమైన అతుకుని రెండు నిమిషాల్లో కోసి పారేశాడు. గిన్నెల మెషిన్ దారితో పొత్తు లేకుండా, గోడలోని వేరే మురుగు దారికి నోరు తెరిచిన గరాటా ఒకటి బిగించాడు. దానికి రెండంగుళాల పైన తెల్ల పైపు చివర నిలబెట్టాడు. లోపలినుంచి గొంతు వినిపించింది.

"చప్పుడు సంగతి నేను చూస్తాలే అన్నయ్యా. చివర ఏటవాలుగా కోస్తే నీళ్లు గరాటా లోపలి అంచు వెంట జారిపోతాయి. టప్పుమనవు."

"అంత తెలిసినవాడివి..."

"తెలుసులేవయ్యా. అత్తయ్య దగ్గర మెప్పు కొట్టేద్దామనుకున్నా." అతను దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు. ముఖం ఎర్రబడి ఉంది. కానీ అది కోపం కాదు. "ఇప్పుడు నేనో మాటంటా. పడతావా?"

"అను."

"నీ సాకెట్ తప్పు."

"నా సాకెట్టా?"

"పైన చూడు. నా ఫిల్టర్ సరిగ్గా దాని నెత్తిమీద ఉంది. ఆర్నెల్లకోసారి ఫిల్టర్ మార్చేటప్పుడు చెంబెడు నీళ్లు పడతాయి. తిన్నగా నీ సాకెట్లోకే. పొద్దున్నే చూశాను."

మెకానిక్ పైకి చూశాడు, కిందకి చూశాడు. "మెషిన్ వైరు పొట్టిది. ఎక్స్‌టెన్షన్ వాడకూడదని దగ్గర్లో పెట్టా," అన్నాడు నీరసంగా. తర్వాత కళ్లు పెద్దవి చేశాడు. "పొద్దున చూసి ఇప్పుడా చెప్పడం? అక్కడ అత్తయ్య చెయ్యి పెడుతుంది కదరా!"

"నువ్వు పన్నెండున్నరకి చూసి మూడింటికి చెప్పావుగా. స్క్రూ దొరికిందన్నావు."

అత్తగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అంటే," అంది నెమ్మదిగా, "నా భోజనం కోసం ఒకడు పేషెంట్ల గొంతు మీదకి తెచ్చాడు, ఇంకొకడు నా ప్రాణం మీదకి తెచ్చాడు."

"మీ వంట అలాంటిది మరి అత్తయ్యా," అన్నాడు ప్లంబర్.

"నోర్ముయ్. ఇవాళ్టినుంచి తప్పు చూసి చెప్పనివాడికే భోజనం లేదు. సాకెట్ నువ్వు జరుపు పెద్దబ్బాయ్. చిన్నబ్బాయ్, ఆ తొట్టి కడుగు."

నువ్వు అంది. మెకానిక్‌కి గుండెల్లోంచి బరువు దిగిపోయింది.

సాకెట్‌ని అవతలి గోడకి జరిపి, మెషిన్‌ని ఆ పక్కకి మూరెడు లాగి, మళ్లీ మట్టం చూశారు. పైపు పొడిగించి మళ్లీ వాలు చూసుకున్నారు. తొట్టిని మందునీళ్లతో మొదటికంటే రెండింతల సేపు తోమారు. ఐదింటికి మెకానిక్ తాళం తీసి మీట పైకి నొక్కాడు. మెషిన్ లోపల ఏదో గిర్రున తిరిగింది, నీళ్లు జరజరా దిగాయి. పావుగంటకి మొదటి గింజలు టకటకా రాలాయి.

"ఇవ్వనా?" సిస్టర్ గ్లాసుతో సిద్ధంగా ఉంది.

"మొదటి తొట్టెడు పారెయ్యాలమ్మా. కొత్త యంత్రం కదా, లోపలి కొత్త వాసనంతా దాంతో పోవాలి."

ఐసు తయారవుతుండగా అతను అత్తగారికి వాడకం చెప్పాడు. గ్లాసుతోనే నొక్కాలి, వేలితో కాదు. ముక్క ఇరుక్కుంటే గొట్టంలో వేలు పెట్టకూడదు, లోపల మర తిరుగుతుంది. తుడవాలంటే ముందు కరెంటు ఆపాలి. గాలి జాలీ నెలకోసారి కడగాలి. తొట్టిలో పాలప్యాకెట్టు, నీళ్లసీసా, ఏదీ చల్లబరచడానికి పెట్టకూడదు.

"మీ మామగారి కళ్లమందు సీసా?"

"అదసలే వద్దు."

ఆరుంబావుకి రెండో తొట్టిలోంచి నిండు గ్లాసు వార్డులోకి వెళ్లింది. కండక్టరమ్మ గుప్పెడు గింజలు నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంది. బుగ్గలు మెల్లగా కదిలాయి. కళ్లు తెరవకుండానే ఖాళీ గ్లాసు ముందుకి చాపింది, చిల్లర అడిగినట్టు.

వంటగదిలో తోడల్లుళ్లిద్దరూ నేలమీద చతికిలబడి టీ తాగుతున్నారు. నాలుగేళ్లుగా కలిసి చేసిన పనులన్నీ తవ్వుతున్నారు.

"పళ్లరసం కొట్టు అన్నయ్యా. అక్కడ నీ వైరు తలుపు సందులోంచి పోతుంది. తలుపు వేసినప్పుడల్లా నలుగుతుంది."

"ఆ లాడ్జీ మేడమీద నీ ట్యాంకు పైపో? ఎండకి పెళుసెక్కి ఉంటుంది ఈపాటికి."

"పెళుసా! నా పైపా!"

"రేపొద్దున వెళ్లి చూద్దాం. పందెం."

"పద. ముందు కొట్టుకి, తర్వాత లాడ్జీకి. నీది మొదలు."

"ఎందుకు నాది మొదలు? వయసులో చిన్నవాడివి, నీదే మొదలు."

సిస్టర్ తలుపులోంచి తల పెట్టింది. "కాస్త మెల్లగా అన్నయ్యలూ. ఇది వార్డు."

ఇద్దరూ గొంతు తగ్గించారు. వాదన మాత్రం ఆపలేదు.