చప్పుడు మింగే పెట్టె

నేను ఎవర్నీ ఊరికే అనుమానించను. బాగా గమనించి, రెండు వారాలు నిద్ర చెడగొట్టుకుని మరీ అనుమానిస్తాను. డెరిక్ విషయంలోనూ అంతే చేశాను.

ఇంగ్లండులోని స్టాక్‌పోర్ట్‌లో మావి గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. పక్కింటి మిసెస్ ఒగ్డెన్ తుమ్మితే మా వంటింట్లో వినిపిస్తుంది. నా గిటార్ చప్పుడు పెంచే ఆంప్ చూస్తే పాతకాలపుది, బల్బుల్లాంటి గాజు వాల్వులతో పనిచేసేది. దాని నాబ్ సగం తిప్పితే నీళ్ల టీలా పలచగా పలుకుతుంది. పూర్తిగా తిప్పితేనే ఆ గరగర, ఆ నిండుదనం. అలా తిప్పిన ప్రతిసారీ ఆవిడ చీపురుకర్రతో గోడ మీద బాదేది. అందుకని ఫిబ్రవరిలో అటెన్యుయేటర్ కొన్నాను. ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య తగిలించే ఇనప పెట్టె అది. ఆంప్ గొంతు చించుకుంటుంది, పెట్టె చాలామటుకు మింగేసి పిసరంత స్పీకర్‌కి వదులుతుంది. అదే గరగర, టీవీ అంత చప్పుడులో. బస్సు డ్యూటీ దిగగానే రోజూ మూడు గంటలు వాయించేవాణ్ణి, నాబ్ పూర్తిగా పది మీద పెట్టి. గోడ అవతల కిక్కురుమనలేదు. నా ఆనందం ఏమని చెప్పను!

మేలో ఆంప్ గొంతు చచ్చుబడింది. ఆంప్‌లు బాగుచేసే డెరిక్ షెడ్డులో దించి వచ్చాను. ముప్పై ఏళ్లుగా నా ఆంప్ విప్పింది వాడొక్కడే. నేను దించి వచ్చేస్తాను, బాగయ్యాక వాడు ఫోన్ చేస్తాడు. వాల్వులు పోయాయన్నాడు, కొత్తవి వేశాడు. ఆగస్టులో మళ్లీ అదే తంతు. ఈసారి, కాస్త తగ్గించి వాయించరా అన్నాడు. తగ్గించేగా వాయిస్తున్నాను, పిల్లి కూడా లేవడం లేదు అన్నాను. వాడు ఇంకేదో చెప్పబోతే నేను వినలేదు.

ఇంటికొచ్చాక బుర్ర తొలిచేసింది. ఇదివరకు పబ్బుల్లో హోరెత్తించినా ఒక్కో జత వాల్వులు మూడేళ్లు వచ్చేవి. ఇప్పుడు గుసగుసలాడినట్టు వాయిస్తుంటే మూడు నెలలకే పోతాయా? అసలు పోయాయని చెప్పింది ఎవరు? డెరిక్కే. పాతవి ఎప్పుడైనా చూపించాడా? నేనెప్పుడూ అడగలేదనుకోండి, అది వేరే సంగతి.

నవంబరులో మూడోసారి గొంతు పోయినప్పుడు, దించే ముందు వాల్వుల అడుగున మా ఆవిడ గోళ్ల రంగుతో ఎర్రచుక్కలు పెట్టాను. మ్యూరియల్ చూసి, "డెరిక్ గోళ్లకి కూడా రంగు వేస్తావా ఏంటి?" అంది.

రెండు వారాలకి బాగయిందని వాడు ఫోన్ చేస్తే, కొత్త వాల్వులతో ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఆదివారం మధ్యాహ్నం డెరిక్ వాళ్ల బ్యాండు పబ్బులో వాయిస్తోంది. వాడి ఆంప్ తేనెలా పలుకుతోంది. విరామంలో వాడు బీరు కోసం వెళ్లగానే నేను వంగి వెనక టార్చి వేసి చూశాను. నా వాల్వుల రకమే. ఎర్రచుక్కలు లేవు. ఇంకేం, తుడిచేశాడు!

మర్నాడు ఆంప్‌నీ పెట్టెనీ మోసుకుని షెడ్డుకి వెళ్లాను. కడుపులో ఉన్నదంతా కక్కేశాను. నా మంచి వాల్వులు నీ ఆంప్‌లో పెట్టుకుని నీ పాతవి నాకు అంటగడుతున్నావన్నాను. దొంగ అన్న మాట కూడా వాడాను.

డెరిక్ అరలోంచి అట్టపెట్టె తీసి ముందు పెట్టాడు. అందులో మూడు జతల పాత వాల్వులున్నాయి. గాజు లోపల మసిబారి ఉంది. ఒక జత అడుగున నా ఎర్రచుక్కలు.

తర్వాత నా ఆంప్‌నీ పెట్టెనీ తగిలించి, నాబ్ పది మీద పెట్టి, గిటార్ నా చేతికిచ్చాడు. పది నిమిషాలు వాయించాను. చప్పుడు మామూలు మాటలంత.

"ఇప్పుడు పెట్టె మీద చెయ్యి పెట్టు," అన్నాడు.

చుర్రుమని వెనక్కి లాక్కున్నాను.

"ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావు? నీకు వినబడనిదంతా అక్కడుంది. వెనక చూడు, వాల్వులు ఎలా మండుతున్నాయో. పబ్బులో శుక్రవారం ఒక్క గంట అరిచేది. ఇప్పుడు రోజూ మూడు గంటలు అరుస్తోందిరా. నువ్వు దాని నోటికి దిండు పెట్టావంతే."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆగస్టులో వాడు చెప్పబోయింది ఇదే. క్షమించరా అన్నాను, రెండుసార్లు. సర్లే అన్నాడు, రెండుసార్లూ. ఈ కొత్త వాల్వులకీ కాక తగిలింది, ఒకసారి విప్పి సరిచూడాలి అన్నాడు. ఎప్పటిలాగే, దించి వెళ్తాను, ఫోన్ చెయ్ అని తలుపు వైపు తిరిగాను.

"ఆగు." మూలనున్న స్టూలు లాగి బల్ల పక్కన వేశాడు. "ఇకనుంచి ఇక్కడ కూర్చో. నువ్వు చూస్తుంటేనే నీ ఆంప్ విప్పుతాను."

అవసరం లేదురా, నాకు నీ మీద నమ్మకం ఉంది అన్నాను. నిజంగానే అన్నాను. వాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని, నా వంక చూడకుండా, అలాగే నిలబడ్డాడు.

కూర్చున్నాను. అప్పుడు మొదటి మర విప్పాడు.