పేరు చెప్పి తెర దాటిన శాంతవ్వ

నాలుగో గది తుడిచి, తుడుపుగుడ్డ పిండి, శాంతవ్వ ఐదో గదిలోకి నడిచింది. మంచం చుట్టూ నీలం తెర. దాని ముందు ఆగి గొంతు సవరించుకుంది.

"వచ్చెనమ్మా శాంతవ్వ... నేల తుడవ వచ్చె శాంతవ్వ..."

రాగం పూర్తయ్యాకే తెర జరిపింది.

పేరులో తప్ప ఒంట్లో ఎక్కడా శాంతం లేని మనిషి. ఎత్తు అయిదడుగులు, గొంతు మాత్రం ఆరడుగుల పైనే. ఏళ్ళ తరబడి వేషాలకు అర్దళం రంగు పూసి బిరుసెక్కిన చెంపలు, ఫినాయిల్‌కు పగిలిన వేళ్ళు. ఆర్మూరు దగ్గర చిందు భాగోతం మేళంలో పుట్టింది. ఏడో ఏట బాలవేషం, పదిహేనో ఏట రాణి, ముప్పయ్యో ఏట మీసం పెట్టి రాక్షసరాజు. జనం టీవీలకు అతుక్కున్నాక మేళం ఊడింది. పాత్రలు వేసిన మనిషి పాత్రలు తోమడానికి ఒమన్ విమానమెక్కింది. మొదట సూర్‌లో ఒకరింట్లో, పదకొండేళ్ళుగా బౌషర్‌లోని ఈ ఆసుపత్రిలో.

మేళానికో కట్టుబాటు ఉంది. ఇద్దరు తెర పట్టుకుంటే, దాని వెనక నిలబడి తన పేరు తాను పాడుకోకుండా ఏ వేషమూ తెర దాటకూడదు. పేరు చెప్పకుండా వచ్చేవాడు దొంగే అనేవాడు తండ్రి నర్సయ్య. కంపెనీకీ ఒక కట్టుబాటు ఉంది. తుడిచేవాళ్ళు ఉన్నట్టే తెలియకూడదు. ఈ రెండింటి మధ్యా శాంతవ్వకు ఇప్పటికి రెండు వార్నింగులు పడ్డాయి. మూడోది పడితే వీసా క్యాన్సిల్.

తెర లోపల ఇక్బాలున్నీసా. కడప నుంచి కొడుకును చూడ్డానికి వచ్చి కంటి ఆపరేషన్‌కు దొరికిపోయింది. రెండు కళ్ళకూ కట్టు. ఎవరు చప్పుడు లేకుండా వచ్చినా ఉలిక్కిపడేది. శాంతవ్వ పాట వింటే మాత్రం దిండు మీద తల ఇటు తిప్పేది.

"గొంతు బొంగురుపోయిందేం మే?"

"ఏసీ మింగిందమ్మా. రాచ్చసుని ఏషానికైతే గిట్లనే మంచిగుంటది."

మధ్యాహ్నం సూపర్‌వైజర్ కమ్రాన్ పిలిచాడు. హైదరాబాదీ, చెడ్డవాడు కాడు. పక్క గది రోగి మళ్ళీ ఫిర్యాదు చేశాడని చెప్పి ఒక కాగితం ముందుకు జరిపాడు. ఇకనుంచి నోరు తెరవనని దాని సారాంశం. సంతకం పెడితే వీసా ఇంకో రెండేళ్ళు.

"పెట్టెయ్ అమ్మా. నోరు మూసుకుంటే ఏం పోతది?"

"పేరు పోతది సాబ్. తుడుసుడు నా డ్యూటీ. దొంగ లెక్క దూరుడు నా డ్యూటీ గాదు."

"ఊర్ల ఏం చేస్తవ్? బీడీలు చుడతవా?"

"చుట్టుకుంట పాడుత."

కాగితం తిరిగి అతని వైపే జరిపింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, వెళ్ళి నిలబడటానికి మేళం లేదని తెలిసే జరిపింది. బ్యాడ్జి తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఉన్నది నంబరే, పేరు కాదు.

సాయంత్రం సొంత చీరలో ఐదో గదికి వెళ్ళింది. పేరు పాడుకున్నాకే తెర దాటింది. ముసలామె చేతిని కాసేపు పట్టుకుంది. ఎప్పుడొస్తావని అడిగితే ఆ మాట దాటవేసి, తొందరగా కళ్ళు విప్పమంది. వెళ్తూ వెళ్తూ తెర దగ్గర వంగి, సంచిలోంచి ఏదో తీసి ముడివేసింది.

రెండో రోజు పొద్దున్న శాంతవ్వ విమానం సముద్రం మీద ఉండగా, కొత్తగా చేరిన నవీన, కంపెనీ చెప్పినట్టే నోరు మూసుకుని, అడుగుల చప్పుడు కూడా లేకుండా వచ్చి తెర లాగింది.

ఘల్లుమంది.

"ఎవరమ్మా?" అంది ఇక్బాలున్నీసా.

కొత్తమనిషి ఒక క్షణం తటపటాయించి, "నవీన" అంది.

నీలం తెర అంచున, ఎర్రదారంతో కట్టిన ఒంటి ఇత్తడి గజ్జె ఇంకా ఊగుతూనే ఉంది.