ప్రశాంతి నగర్‌లో నా ముప్పై రోజులు

నేను ఒక సర్వే రాయిని. పొడవు రెండున్నర అడుగులు. నెత్తిన తెల్ల సున్నం, నడుం మీద ఉలితో చెక్కి ఎరుపు నింపిన బాణం గుర్తు. నన్ను మొట్టమొదటిసారి ఒక ఇంట్లోకి తెచ్చిన రోజున అక్కడ ఎవరెవరున్నారో నాకు బాగా గుర్తు. ఇంటి యజమాని పాండురంగారావు గారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి, కాలనీ సంఘానికి అధ్యక్షుడు. ఆయన భార్య సుభాషిణి గారు, చక్కెర జబ్బు వల్ల చూపు పోయి ఆరేళ్ళు. పక్కింటి చలపతి, బ్యాంకులో గుమాస్తా, కడుపునొప్పి అని సెలవు పెట్టి గడ్డపార పట్టుకుని వచ్చాడు. గోడ మీద ఫొటోలో పాండురంగారావు గారి నాన్నగారు. వంటింటి గుమ్మంలో ఒక పిల్లి. అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. నన్ను గోనెసంచిలో చుట్టి తెచ్చి బియ్యం డ్రమ్ము వెనక పెట్టారు. నన్ను తిన్నగా చూసింది పిల్లి ఒక్కటే. తెచ్చిన ఇద్దరూ ఏదో తప్పు చేసినవాళ్ళలా ముఖాలు తిప్పుకున్నారు.

నేను నరసరావుపేట అవతల ఒక కొండలో పుట్టాను. వరసగా మేకులు దిగగొట్టి మమ్మల్ని కొండ నుంచి విడదీశారు. నాతోపాటు విడిపోయినవాటిలో ఒకటి చాకిరేవుకు వెళ్ళింది. ఒకటి ఎవరింటికో మెట్టుగా వెళ్ళింది. నన్ను చెక్కినామె చంటిపిల్లను ఉయ్యాలలో వేసి, కాలి బొటనవేలికి తాడు కట్టుకుని ఊపుతూ చెక్కింది. పని పూర్తయ్యాక "ఇది రైలోళ్ళకి" అని నన్ను పక్కన పెట్టింది. అప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది. రైలు అంటే ఏమిటో నాకు తెలియదు. అయినా మెట్టు కన్నా గొప్పదే అయి ఉంటుందనుకున్నాను.

లారీలో నన్ను తెచ్చింది గుంటూరు శివార్లలోని ప్రశాంతి నగర్‌కు. ఉన్న రెండు లైన్ల పక్కన మూడో లైను వేస్తారట. మూడు కాళ్ళ మీద నిలబెట్టిన ఒక యంత్రంలోంచి ఒక కుర్ర ఇంజనీరు చాలాసేపు చూశాడు. పటం విప్పి గుర్తు పెట్టుకున్నాడు. అదంతా అయ్యాకే నన్ను పాతారు, పాండురంగారావు గారి గేటు లోపల మూడడుగుల దూరంలో, మందార మొక్క పక్కన. తర్వాత కరెంటు స్తంభానికి ఒక నోటీసు అంటించారు. లైను వల్ల ఇబ్బంది ఉన్నవాళ్ళు ముప్పై రోజుల్లో రాసి ఇవ్వాలని అందులో ఉంది. నోటీసు పొడవుగా ఉంది. జనం మొదటి రెండు లైన్లు చదివి, మిగతాది తిట్టడానికి వదిలేశారు.

ఈ కాలనీవాళ్ళకు రైలు కొత్త కాదు. స్థలాలు అమ్మినప్పుడు పంచిన కాగితంలో "స్టేషనుకు నడకలో అయిదు నిమిషాలు" అని పెద్ద అక్షరాలతో వేశారట. అది చూసే అందరూ కొన్నారు. నిరుడు ఎక్స్‌ప్రెస్ బండి ఇక్కడ ఆపాలని ధర్నా కూడా చేశారు. ఇప్పుడు ఆ ధర్నా బ్యానరునే తిప్పి, వెనక వైపు "మా కాలనీకి రైలు వద్దు" అని రాయించారు. ఎండ ముందు నుంచి పడితే ఒక కోరిక, వెనక నుంచి పడితే రెండు కోరికలూ కలిసి కనిపించేవి.

నన్ను పెకలించాలన్న ఆలోచన పాండురంగారావు గారిదే.

"మరి కాయితం రాసివ్వమన్నారు గదండీ నోటీసులో?" అన్నాడు చలపతి, చేతి మట్టి దులుపుకుంటూ.

"కాయితం ఇచ్చావంటే నీ ఇల్లు లైన్లో ఉందని నువ్వే ఒప్పుకున్నట్టు. సంతకం పెట్టినోడే చెడ్డాడయ్యా. నా సర్వీసంతా చూశాను."

"పటంలో ఉంటుంది గదా మరి?"

"పటం ఎవడు చూస్తాడు? ఎన్ని పొలం తగాదాలు తీర్చాను నేను. రాయి ఎక్కడుంటే హద్దు అక్కడ. రాయి లేదనుకో, హద్దూ లేదు."

పొలాల్లో అది నిజమే కావచ్చు. కానీ నన్ను పాతింది పటం చూసి. పటం గీసింది నన్ను చూసి కాదు. నాకు నోరుంటే ఆ మాట చెప్పేదాన్ని. చెప్పినా ఆయన వినేవారు కాదు. ఆయన సర్వీసులో రాయి మాట్లాడిన కేసు ఒక్కటీ ఉండి ఉండదు.

సాయంత్రం సుభాషిణి గారు బియ్యం తీయడానికి వచ్చి, డ్రమ్ము వెనక చేయి పెట్టి ఆగిపోయారు. ఆ ఇంట్లో ప్రతి వస్తువూ ఆవిడ చేతికి తెలుసు. మంచం నుంచి వంటింటికి పదకొండు అడుగులు, అక్కడి నుంచి పెరటి తలుపుకు ఏడు. గోడల మీద ఆవిడ వేళ్ళు తగిలే ఎత్తులో సున్నం నున్నగా అరిగిపోయింది.

"ఇక్కడ రాయేంటండీ?"

"డ్రమ్ము కదలకుండా పెట్టా."

"పదిహేనేళ్ళుగా కదలని డ్రమ్ము ఇప్పుడెక్కడికి పోతుందండీ?"

ఆయన పేపరు తిరగేశారు. ఆవిడ కూర్చుని నన్ను పైనుంచి కిందికి తడిమారు. బాణం మీద వేలు పెట్టి, అది ఎటు పోతుందో చివరిదాకా చూసుకున్నారు.

"రైలు రాయి కదూ ఇది. నాకు చెప్పకపోతే తెలీదనుకున్నారా?" ఆవిడ గొంతులో కోపం లేదు. "వేరే ఇంటికి పోవాల్సొస్తే నా వల్ల కాదండీ. ఈ లెక్కలన్నీ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోలేను. ఒకళ్ళ చెయ్యి పట్టుకునే తిరగాలి ఇంక."

"ఎవరూ ఎక్కడికీ పోరు. నేను చూసుకుంటా గదా."

ఆయన నిజంగానే చూసుకోవాలనుకున్నారు. మర్నాడే సంఘం సమావేశం పెట్టారు. ప్రభుత్వ రాయిని ఒక్క ఇంట్లో దాస్తే ఆ ఒక్కరి మీదే కేసు పడుతుందని, అందరి ఇళ్ళలో రెండేసి రోజులు ఉంచాలని తీర్మానం చేశారు. ఎవరి తర్వాత ఎవరో చలపతి నోటు పుస్తకంలో వరస రాశాడు. ఆ విధంగా నేను చూసినన్ని ఇళ్ళు కొత్త కోడలు కూడా చూడదు. ఒక ఇంట్లో గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. ఒక ఇంట్లో నా మీద ఆవకాయ జాడీ పెట్టారు. ఒక ఇల్లాలు ఎందుకైనా మంచిదని పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ తర్వాతి ఇంట్లో ఆ బొట్టును కడిగి, నన్ను పిల్లల క్రికెట్‌కు వికెట్‌గా నిలబెట్టారు. నా మీద బంతి తగిలిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఔటయ్యారు.

మరోవైపు స్టేషను ముందు టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. రోజుకు నలుగురు, ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా. అంటే టిఫినుకూ భోజనానికీ మధ్య అన్నమాట. టెంటుకు పదడుగుల దూరంలో మార్తమ్మ ఇడ్లీ బండి. దీక్షకు కూర్చోబోయేవాళ్ళు తొమ్మిదికి పది నిమిషాల ముందు అక్కడ నిలబడి తినేవాళ్ళు.

"ఇంకో రెండు వేయించుకోండి బాబూ, ఒంటిగంట దాకా ఆగాలిగా," అనేది మార్తమ్మ, నవ్వకుండా.

మార్తమ్మ ఇల్లు మూడో వీధి చివర, రెండు గదులు, రేకుల కప్పు. కాలనీ రాకముందు నుంచీ అది అక్కడే ఉంది. ప్లాట్లు కోసినప్పుడు దానికి నంబరు వేయలేదు కాబట్టి ఆవిడ సంఘంలో లేదు. ఆవిడ దగ్గర మనవరాలు సలోమి ఉంటుంది. పక్క ఊరి హైస్కూల్లో పదో తరగతి చదువుతోంది. ఎవరైనా పలకరిస్తే తల దించుకుంటుంది. పలకరించకపోతే ఇంకా నయమని సంతోషిస్తుంది.

ఇరవై ఆరో రోజున రైల్వేవాళ్ళు మళ్ళీ చూడటానికి వస్తున్నారని తెలిసింది. సంఘం హడావిడిగా కూర్చుంది. రాయి లేకపోతే కేసు, ఉంటే ఎవరి గుమ్మం ముందుంటే వారి ఇల్లు పోతుందని వాళ్ళ లెక్క.

"మా వీధిలో వద్దండీ, మా అత్తగారికి గుండె జబ్బు," అన్నాడు చలపతి.

"మీ అత్తగారు తెనాల్లో ఉన్నారు గదయ్యా?" అని ఎవరో అన్నారు.

"వస్తూ పోతూ ఉంటారండీ."

పాండురంగారావు గారు గొంతు సవరించుకున్నారు. "సంఘంలో లేని ఇల్లు ఏదన్నా ఉంటే..." అని ఆపేశారు. పేరు ఎవరూ అనలేదు. అందరూ ఒకేవైపు చూశారు. మార్తమ్మ బండి దగ్గర ఉన్న వేళ చూసి, పట్టపగలే నన్ను ఆవిడ గుమ్మం ముందు పాతారు. పాతాక మట్టిని కాళ్ళతో చదును చేశారు. ఆ కాళ్ళలో మంచి చెప్పులు ఉన్నాయి.

మార్తమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను చూసింది. "పొద్దున లేదే ఇది. ఏందే సలోమీ?"

"రైలు రాయి, అమ్మమ్మా. అధ్యక్షుడు గారి గేటులో ఉండేది."

"నడిచొచ్చిందన్నమాట. కాళ్ళెవరియ్యో."

ఆవిడ గొడవకు పోలేదు. నన్ను పీకి అవతల పారేయనూ లేదు. రైల్వేవాళ్ళు పెట్టించారేమోనన్న భయం కూడా కొంచెం ఉంది. మనవరాలిని కరెంటు స్తంభం దగ్గరికి తీసుకుపోయి నోటీసు చదవమంది. సలోమి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, కింద సంతకంతో సహా చదివింది. ప్రశాంతి నగర్‌లో ఆ నోటీసు పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆ పిల్లే. రైల్వేవాళ్ళు వచ్చారు, యంత్రంలోంచి చూశారు, నా వైపు తలైనా తిప్పకుండా వెళ్ళిపోయారు. అయినా సలోమి మూడు సాయంత్రాలు కూర్చుని రాసింది. రెండు కాగితాలు చించింది. మూడోదాన్ని మడతపడకుండా లెక్కల పుస్తకంలో పెట్టింది. ముప్పయ్యో రోజు, ఆఖరి గడువు రోజు పొద్దున, ఇద్దరూ స్టేషను పక్క ఇంజనీరు ఆఫీసుకు వెళ్ళారు.

మూడున్నరకు తిరిగొచ్చారు. మార్తమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని నా పక్కనే మెట్టు మీద కూలబడింది.

"నువ్వు మాకు సంబంధించిన దానివి కాదంట," అంది నాతో. "పటంలో మా ఇల్లే లేదంట. మా ఇంటికి ఏం కాదని సీలు గుద్ది ఇచ్చాడు ఆ బాబు. అధ్యక్షుల వారి వరసలో ఏడిళ్ళు పోతయ్యంట."

"నెల రోజుల్లో వచ్చిన కాగితం మనదొక్కటేనంట, అమ్మమ్మా," అంది సలోమి. ఆ పిల్ల అంత పొడవు మాట మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను. "ఆ ఇళ్ళవాళ్ళు రాసిస్తే లైను అవతల బీడు వైపు జరుపుతామన్నారు గదా. ఎవరూ రాయకపోతే అందరికీ ఇష్టమేనని పైకి రాసేస్తారంట. అయిదింటిదాకా తీసుకుంటారు."

"మనకెందుకే? మన గుమ్మంలో పాతినప్పుడు వాళ్ళు మనకి చెప్పారా?"

సలోమి కాసేపు చెప్పు కొసతో నేల గీకింది. తర్వాత, "ఆ ఇంట్లో సుభాషిణమ్మ గారు గోడలు పట్టుకుని నడుస్తారు," అంది.

మార్తమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. పైకి లేచింది. "గునపం తే. వీళ్ళ రాయి కూడా వీళ్ళకిచ్చేసి, ఆ మాట చెప్పేసి వద్దాం." ఇద్దరూ కలిసి నన్ను తవ్వి ఇడ్లీ బండి మీదకు ఎక్కించారు. సలోమి రెండు తెల్ల కాగితాలు, పెన్ను కూడా తీసుకుంది.

ఎన్నో ఇళ్ళు తిరిగాను కాబట్టి చెబుతున్నాను, ఆ రోజు నేను ఆ బండి మీద లేకపోయి ఉంటే బాగుండేది. పాండురంగారావు గారు తలుపు తీసి ముందు చూసింది నన్ను. మార్తమ్మను ఆ తర్వాత చూశారు. ఆయన వెనక గోడ గడియారంలో నాలుగుంబావు.

"బాబుగారూ, ఒక్క మాట చెప్పి..."

"ఆ రాయి సంగతి నాకేం తెలీదు మార్తమ్మా. ఎవరు పాతారో నన్నడక్కు."

"రాయి సంగతి కాదు బాబూ. ఇయ్యాల అయిదింటికి..."

"ఏదున్నా రేపు మీటింగులో చెప్పు."

"రేపటికి పనికిరాదండీ. అందుకే పిల్లని కూడా..."

సలోమి తల దించుకునే రెండడుగులు ముందుకు వేసి, తెల్ల కాగితాలు చేయి చాచి పట్టుకుంది. ఆయన పామును చూసినట్టు వెనక్కి జరిగారు.

"కాయితాలు గీయితాలు నా దగ్గరికి తేవద్దు. నేను దేని మీదా సంతకం పెట్టను. అందరం పోయినా సరే, నాతో మాత్రం రాయించుకోలేరు."

లోపల్నుంచి అడుగులు వినిపించాయి. సుభాషిణి గారు గోడ మీద చేయి ఆనించి నడిచి వస్తున్నారు. "ఎవరండీ? మార్తమ్మ గొంతులా ఉందే?"

"ఎవరూ లేరు," అంటూ పాండురంగారావు గారు తలుపు వేసేశారు.