బీదలింటి టేకు తలుపులు

మొయినాబాద్ రోడ్డు మీద నాది పాత కలప కొట్టు. కూలగొట్టే ఇళ్ల తలుపులు, దూలాలు కొని ఫామ్‌హౌసులకు అమ్ముతాను. రెడీమేడ్ తలుపులు వచ్చాక బేరాలు పడిపోయాయి. జన్వాడలో ఇల్లు కడుతున్న ఒకాయన మాత్రం, మంచి టేకు జోడుతలుపులు తెస్తే కొట్టులో ఉన్న సరుకంతా తీసుకుంటానన్నాడు. తేలేకపోతే కొట్టుకు తాళమే.

అలాంటి తలుపులు ఒక్కచోటే ఉన్నాయి. ఆలూరు దాటాక, చర్చి వెనక బీదలిల్లు. దిక్కులేని వాళ్ల కోసం పూర్వం ఊరంతా కలిసి కట్టింది. ఎసరు పెట్టేటప్పుడు ప్రతి ఇంట్లో పిడికెడు బియ్యం పక్కకు తీసేవాళ్లు. ఆ బియ్యమే వండి అక్కడివాళ్లకు పెట్టేవాళ్లు. పెద్దల కట్టుబాటు ఒకటే: తినే మనిషి ఒక్కరున్నా ఆ ఇంటి చెక్క కదపకూడదు. చివరి మనిషి ముత్తమ్మ మొన్న వానాకాలంలో పోయింది. ఇక అడ్డమేముంది?

చర్చి పెద్ద దయానందం తల అడ్డంగా ఊపాడు. "ఈడ వండిపెట్టే మా కరుణమ్మ అలవాటు మానక ఇంకా ముత్తమ్మ కంచం పెడ్తున్నది. పొద్దుగూకే వరకల్లా ఖాళీ అయితున్నది సేటు."

"కుక్కలు తింటున్నయేమో."

"కుక్క కంచం కడిగి బోర్లిస్తదా?"

"అయితే నేనే కూసుంట. దొంగను పట్టిస్త. అప్పుడన్న ఇస్తరా తలుపులు?"

"తీస్కపో."

మధ్యాహ్నం కరుణమ్మ అన్నం, పప్పు పెట్టి వెళ్లింది. దయానందం బయట తాళం వేశాడు. నేను తినే వచ్చాను కాబట్టి కంచంతో నాకు పనిలేదు. వేలి కణుపుతో తలుపు మీద కొట్టి చూశాను. గట్టి టేకు, పుచ్చు లేదు. చెయ్యి తీశాక లోపలి గదిలో నుంచి అదే చప్పుడు వచ్చింది. వెళ్లి చూస్తే ఖాళీ నులకమంచాలు. తిరిగొచ్చి గోడకు ఆనుకున్నాను. పక్కనే ఎవరో నెమ్మదిగా అన్నం కలుపుతున్నారు. తల తిప్పబోయాను. మెడ మాట వినలేదు.

తాళం తీసిన చప్పుడుకు తెలివొచ్చింది. కంచం కడిగి బోర్లించి ఉంది. నా కుడిచెయ్యి తడిగా ఉంది. గోళ్లలో పప్పు.

"నేను తినలే," అన్నాను.

కరుణమ్మ కొంగుతో నా మూతి తుడిచింది. "ముత్తమ్మ సుత మొదటి రోజు గిట్లనే అన్నది బిడ్డా."

"తినేటోడు ఉండనే ఉన్నడు," అన్నాడు దయానందం. "ఇగ తలుపులు ఎట్లిస్తం సేటు?"

తిట్టుకుంటూ బండెక్కాను. ఆ రాత్రి ఇంట్లో ముద్ద మింగుడుపడలేదు. మర్నాడు మధ్యాహ్నం బండి ఆలూరు దారి పట్టింది. ఆ మర్నాడూ అంతే. జన్వాడ ఆయన వేరేచోట చూసుకున్నాడు. కొట్టుకు తాళం పడింది. అంతా పోగా మిగిలింది ఈ పూట భోజనం, ఒక నులకమంచం.

నిన్న తింటుంటే బయట ఎవరో తలుపు మీద వేలి కణుపుతో కొట్టారు. సరుకు తెలిసిన చెయ్యి. తర్వాత కిటికీలోంచి తొంగిచూశాడు. ముద్ద పట్టుకుని నేను అతని కళ్లలోకే చూశాను.

"లోపట ఎవ్వలు లేరు కదా పెద్దమనిషీ, అమ్మరాదు?" అన్నాడు.

"పొద్దుగూకినంక కంచం చూసి మాట్లాడుదాం," అంది దయానందం గొంతు.

ఈ తలుపులు పోతే ఇక నాకు ఇల్లు లేదు. మెతుకు మిగలకుండా తిన్నాను.